లండను నుండి సిడ్నీకి: దూరమొక్కటే, కాలములు పెక్కు

ఒక ఊరినుండి మరియొక ఊరికి గల దూరమును, బండి వేగమును చెప్పి, ప్రయాణమునకు ఎంత కాలము పట్టునని అడుగు లెక్కను చిన్న తరగతులలో చేయని విద్యార్థి ఉండడు. దూరమును వేగముతో భాగించినచో కాలము వచ్చును. ఈ సూత్రమును ఇంగ్లండులోని లండను విమానాశ్రయమునకును, ఆస్ట్రేలియాలోని సిడ్నీ విమానాశ్రయమునకును అన్వయించి చూడవచ్చును. ఆ రెంటి నడుమ దూరము సుమారు 17,000 కిలోమీటర్లు. నేటి జెట్ విమానము గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోగలదు. భాగించినచో పందొమ్మిది గంటలకు కొంచెము తక్కువ వచ్చును.

లెక్కలో తప్పు లేదు. కాని చరిత్రను చూచినచో ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ఆకాశమార్గమున చేరుటకు 1919లో 28 రోజులు పట్టినది. 1935లో పన్నెండున్నర రోజులు పట్టినది. 1947లో నాలుగు రోజులు పట్టినది. 1989లో ఇరువది గంటలు మాత్రమే పట్టినది. ఈ డెబ్బది ఏండ్లలో భూమి కుంచించుకొనిపోలేదు. విమానముల వేగము పెరిగిన మాట నిజమే. అయితే వేగము ఎన్ని రెట్లు పెరిగినది, కాలము ఎన్ని రెట్లు తగ్గినది అని పోల్చి చూచినప్పుడు ఆ రెండు లెక్కలు కలియవు. కలియకుండుటకు గల కారణమే ఈ మార్గముయొక్క అసలు చరిత్ర.

గోళము మీద దారము

పదిహేడు వేల కిలోమీటర్లనగా ఎంత? హైదరాబాదునుండి ఢిల్లీకి వాయుమార్గమున సుమారు 1,250 కిలోమీటర్లు. అట్టి ప్రయాణమును ఎక్కడను దిగకుండ పదమూడుసార్లకు మించి చేసినట్లు భావింపవలెను. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. కావున భూమిమీద ఏ రెండు స్థలముల నడుమనైనను అతి తక్కువ మార్గము 20,000 కిలోమీటర్లకు మించి ఉండుటకు వీలులేదు. లండను, సిడ్నీ నగరములు ఆ అవధికి చాల చేరువలో ఉన్నవి.

గోడకు వ్రేలాడదీసిన పటము మీద ఈ రెండు నగరములను కలుపుచు గీత గీసినచో అది మధ్యధరా సముద్రము, అరేబియా, హిందూ మహాసముద్రముల మీదుగా పోవును. కాని పటము చదునైనది, భూమి గుండ్రనిది. ఒక గోళమును తీసికొని లండను మీద ఒక చేతితోను, సిడ్నీ మీద మరియొక చేతితోను దారమును బిగించి పట్టుకొన్నచో అది వేరొక మార్గమును చూపును. ఆ దారము ఉత్తర సముద్రమును దాటి, రష్యా మీదుగా, చైనా మీదుగా పోయి, దక్షిణ చైనా సముద్రము మీద దిగి ఆస్ట్రేలియాను చేరును. గోళమును సరిగా రెండు సమభాగములుగా ఖండించు వృత్తమును బృహద్వృత్తము అందురు. గోళము మీది రెండు బిందువుల నడుమ అతి దగ్గర మార్గము బృహద్వృత్తములోని ఒక చాపమే అగును.

ఇచట ఒక వింత కలదు. లండనునుండి సిడ్నీకి బిగించిన దారము భారతదేశమును తాకనే తాకదు. అయినను ఆస్ట్రేలియాకు పోయిన తొలినాటి విమానములన్నియు కరాచీ, అలహాబాదు, కలకత్తాల మీదుగానే పోయినవి. దగ్గర దారిని విడిచి దూరపు దారిని పట్టుటకు కారణము స్పష్టమే. ఆనాటి విమానము కొన్ని వందల కిలోమీటర్లకొకసారి దిగవలసి యుండెను. దిగుటకు చదునైన నేల కావలెను, పెట్రోలు కావలెను, ఆ నేలపై తమకు చెల్లుబాటు కావలెను. ఈ మూడును బ్రిటిషువారికి ఈజిప్టు, ఇరాకు, భారతదేశము, బర్మా, సింగపూరుల వరుసలో లభించినవి. కావున విమానము పోవు మార్గమును నిర్ణయించునది బృహద్వృత్తము ఒక్కటే కాదు. ఇంధనము, రాజకీయము కూడ అందులో భాగస్వాములు. ఈ సంగతి నేటికిని మారలేదు.

ఇరువది ఎనిమిది రోజులు

1787లో ఇంగ్లండునుండి ఖైదీలతో బయలుదేరిన తొలి నౌకాదళము ఆస్ట్రేలియా తీరమును చేరుటకు ఎనిమిది నెలలు పట్టినది. 1869లో సూయజు కాలువ తెరచిన తరువాత ఆవిరి ఓడలు ఆ కాలమును అయిదారు వారములకు తగ్గించినవి. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట, 1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వము ఒక బహుమతిని ప్రకటించినది. ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ముప్పది రోజులలోపల విమానములో చేరిన తొలి ఆస్ట్రేలియనులకు పదివేల పౌనులు ఇచ్చెదమనుటే ఆ ప్రకటన.

1919 నవంబరు 12వ తేదీ ఉదయము లండను పరిసరములలోని హౌన్స్‌లో మైదానమునుండి ఒక వికర్స్ విమీ విమానము లేచినది. ఆ మైదానము నేటి హీత్రూ విమానాశ్రయమునకు అతి సమీపముననే ఉండెడిది. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అను సోదరులు దానిని నడపిరి. బెనెట్, షియర్స్ అను ఇరువురు యంత్రనిపుణులు వారివెంట ఉండిరి. యుద్ధములో బాంబులు వేయుటకై నిర్మింపబడిన ఆ విమానమునకు కొయ్య చట్రము, గుడ్డ తొడుగు, 360 అశ్వశక్తిగల రెండు ఇంజనులు ఉండెను. నడపువారు కూర్చుండు చోటికి పైకప్పు లేదు. నవంబరు నెల చలిలో, వానలో, మంచులో వారు ముఖములను గాలికొడ్డి కూర్చుండవలసి వచ్చినది.

ఫ్రాన్సు, ఇటలీ, క్రీటు, కైరో, డమాస్కసు, బస్రాల మీదుగా వారు కరాచీ చేరిరి. అచటినుండి ఢిల్లీ, అలహాబాదు, కలకత్తాలకు వచ్చిరి. కలకత్తాలో వారికి దొరకిన విమానాశ్రయము గుర్రపు పందెముల మైదానము. బరువైన విమానము నేలను విడుచుచున్న క్షణమున ఒక గ్రద్ద ప్రొపెల్లరునకు తగిలినది. ప్రొపెల్లరు విరిగియున్నచో ప్రయాణము అచటనే ముగిసియుండెడిది. అదృష్టవశమున విమానము మైదానపు చివరి చెట్లను తప్పించుకొని పైకి లేచినది. జావా ద్వీపములోని సురబయాలో చక్రములు బురదలో దిగబడినవి. ఊరివారు చుట్టుప్రక్కల ఇండ్లనుండి వెదురు తడికలను తెచ్చి నేలపై బారుగా పరచిరి. ఆ తడికల బాటమీద పరుగెత్తి విమానము తిరిగి ఆకాశమునకు లేచినది.

డిసెంబరు 10వ తేదీన వారు ఆస్ట్రేలియా ఉత్తర తీరమునగల డార్విన్ చేరిరి. పట్టిన కాలము 27 రోజుల 20 గంటలు. నడచిన దూరము సుమారు 17,900 కిలోమీటర్లు. లండనునుండి డార్వినుకు దారము బిగించినచో వచ్చు దూరము సుమారు 13,900 కిలోమీటర్లు మాత్రమే. తక్కిన నాలుగువేల కిలోమీటర్లు దిగుచోట్లను వెదకుకొనుచు చేసిన చుట్టుదారి.

ఇప్పుడు చిన్న తరగతి లెక్కను మరల చేయవచ్చును. 27 రోజుల 20 గంటలనగా 668 గంటలు. కాని విమానము గాలిలో ఉన్నది సుమారు 136 గంటలు మాత్రమే. అనగా మొత్తము కాలములో అయిదవ వంతు. మిగిలిన నాలుగు వంతులు నేలమీదనే గడచినవి. రాత్రులు ఆగుట, ఇంజనులను శుభ్రపరచుట, పెట్రోలును డబ్బాలతో మోసి పోయుట, వాన వెలియుటకై వేచియుండుట, బురదనుండి చక్రములను లాగుట, ఇవన్నియు ఆ నాలుగు వంతులలోనివే.

ఆ పందెములో బయలుదేరిన వారందరును చేరలేదు. ఒక విమానము లండను పొలిమేరలు దాటకముందే కూలి ఇరువురు మరణించిరి. మరియొకటి గ్రీసు దేశపు కార్ఫూ ద్వీపమువద్ద సముద్రములో పడి మరి ఇరువురు మరణించిరి. పారర్, మెకింతోష్ అను మరియొక జంట పట్టు విడువక సాగి 206 రోజులకు, 1920 ఆగస్టులో డార్విన్ చేరిరి. విజేతయైన రాస్ స్మిత్ కూడ అధికకాలము జీవింపలేదు. 1922లో మరియొక విమానమును పరీక్షించుచు అతడును, బెనెట్టును ప్రమాదములో మరణించిరి.

నేలను సిద్ధపరచినవారు

విమీ విమానము డార్వినులో సురక్షితముగా దిగుటకు కారకులలో హడ్సన్ ఫిష్ ఒకడు. ఇతడును, మెక్‌గిన్నెస్ అను ఇతని మిత్రుడును యుద్ధములో వైమానికులు. వీరు కూడ ఆ పందెములో పాల్గొనదలచిరి గాని, ధనసాయము చేయవలసిన పెద్దమనిషి మరణించుటచే అది నెరవేరలేదు. అందుచే ప్రభుత్వము వారికి వేరొక పనిని అప్పగించెను. ఉత్తర ఆస్ట్రేలియాలో పందెపు విమానములు దిగదగిన తావులను గుర్తించుటయే ఆ పని. పాత ఫోర్డు కారులో, దారియే లేని నేలమీద, లాంగ్‌రీచ్ నుండి కాథరిన్ వరకు గల సుమారు 2,200 కిలోమీటర్లు పోవుటకు వారికి 51 రోజులు పట్టినది. స్మిత్ సోదరులకు సగము భూగోళమును దాటుటకు పట్టిన కాలముకంటె ఇది ఇంచుమించు రెట్టింపు.

ఇట్టి దేశమునకు విమానమువంటి వాహనము మరియొకటి లేదని ఆ ప్రయాణము వారికి నేర్పినది. మరుసటి ఏడు, 1920 నవంబరులో, వారు మరికొందరితో కలసి ఒక విమాన సంస్థను స్థాపించిరి. అదియే క్వాంటాస్. పందెములో పాల్గొనలేకపోయిన వారి సంస్థయే తరువాతి కాలమున ఈ మార్గముపై ఎక్కువ విమానములను నడపినది.

పందెముల కాలము

తరువాతి పదునైదు ఏండ్లలో సాహసికులు ఈ కాలమును క్రమముగా కత్తిరించుచు వచ్చిరి. 1928లో బెర్ట్ హింక్లర్ అను ఆస్ట్రేలియను చిన్న విమానములో ఒంటరిగా పదునైదున్నర రోజులలో డార్విన్ చేరెను. 1930 మే 5వ తేదీన ఎమీ జాన్సన్ అను ఇరువది ఆరేండ్ల ఆంగ్ల యువతి లండనులోని క్రాయ్‌డన్ నుండి ఒంటరిగా బయలుదేరెను. కరాచీ చేరునప్పటికి ఆమె హింక్లర్ కంటె రెండు రోజులు ముందుండెను. కాని బర్మాలో రంగూను సమీపమున దిగునప్పుడు విమానము ఒక గుంటలో పడి దెబ్బతినెను. అచటి సాంకేతిక విద్యాలయమువారి సాయముతో మరమ్మతు చేయించుకొని ఆమె మే 24న డార్విన్ చేరెను. ఒంటరిగా ఈ ప్రయాణము చేసిన తొలి మహిళ ఆమెయే. ఆమె రికార్డు తప్పిపోవుటకు కారణము విమానపు వేగము చాలకపోవుట కాదు. నేలమీద పోయిన రోజులే ఆమెను వెనుకపరచినవి.

1934 అక్టోబరులో ఇంగ్లండులోని మిల్డెన్‌హాల్ నుండి మెల్‌బోర్నునకు గొప్ప విమాన పందెము జరిగినది. బాగ్దాదు, అలహాబాదు, సింగపూరు, డార్విన్, చార్లవిల్ అను అయిదు చోట్ల తప్పక దిగవలెనని నియమము. స్కాట్, కాంబెల్ బ్లాక్ అనువారు కామెట్ అను పందెపు విమానములో 71 గంటలలో చేరి గెలిచిరి. పదునైదేండ్ల క్రితము నాలుగు వారములు పట్టిన పని మూడు రోజులలో ముగిసినది.

అయితే ఆ పందెములో విమాన శాస్త్రజ్ఞులను ఎక్కువగా ఆకర్షించినది రెండవదిగా వచ్చిన విమానము. అది డచ్చివారి డి.సి.-2, పందెమునకై తయారైనది కాదు. ముగ్గురు ప్రయాణికులను, తపాలా సంచులను మోసుకొనివచ్చిన మామూలు ప్రయాణికుల విమానము. చివరి రాత్రి అది గాలివానలో దారి తప్పి ఆల్బరీ అను పట్టణము మీద తిరుగాడుచుండెను. పట్టణమువారు వీధి దీపములను వెలిగించుచు ఆర్పుచు తమ ఊరిపేరును తంతి సంకేతములలో చూపిరి. రేడియోలో పిలుపు విని పౌరులు తమ కార్లను గుర్రపు పందెముల మైదానమునకు తోలుకొనివచ్చి దీపములను వెలిగించి నిలిపిరి. ఆ వెలుతురులో విమానము దిగినది. తెల్లవారిన పిదప ఊరివారు త్రాళ్ళు కట్టి దానిని బురదనుండి లాగిరి. ఎంత మంచి విమానమైనను, క్రింద దీపము చూపువారు లేనిచో గమ్యము చేరజాలదని ఆ రాత్రి లోకమునకు తెలిసినది.

సరస్సులపై విమానములు

1935 ఏప్రిలులో ఇంపీరియల్ ఎయిర్‌వేస్, క్వాంటాస్ సంస్థలు కలసి లండనునుండి బ్రిస్బేనునకు ప్రయాణికులను క్రమబద్ధముగా చేరవేయ నారంభించినవి. పట్టిన కాలము పన్నెండున్నర రోజులు. యూరపులో కొంత దూరము రైలులో పోవలసి యుండెను. పందెపు విమానము మూడు రోజులలో చేరగా ప్రయాణికుల విమానము పన్నెండు రోజులు తీసికొనుట ఎందువలన? రాత్రివేళ ఎగురుటకు కావలసిన దీపములు, రేడియో సాధనములు మార్గము పొడవున ఇంకను ఏర్పడలేదు. కావున ప్రతి సాయంకాలము దిగి, ప్రయాణికులకు భోజనము, బస ఏర్పరచి, తెల్లవారిన పిమ్మట మరల బయలుదేరెడివారు.

1938లో ఈ మార్గమున నీటిపై దిగు పెద్ద విమానములు ప్రవేశించినవి. వీనికి రన్‌వేలు అక్కరలేదు. ఒక సరస్సో, నదియో, రేవో చాలును. సౌతాంప్టన్ రేవునుండి లేచి సిడ్నీ రేవులో దిగు ఈ విమానములు కరాచీ తరువాత మేవాడు సంస్థానములోని రాజసమంద్ సరస్సులోను, గ్వాలియరులోను, అలహాబాదువద్ద నదిలోను, కలకత్తావద్ద హుగ్లీ నదిలోను దిగెడివి. ప్రయాణ కాలము సుమారు పది రోజులకు తగ్గినది.

రెండు సూర్యోదయములు

1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమైనది. ఇంగ్లండు, ఆస్ట్రేలియాల నడుమ వాయుమార్గము తెగిపోయినది. తెగిన దారమును ముడివేయుటకు 1943లో ఒక అసాధారణ ప్రయత్నము జరిగినది. ఆస్ట్రేలియా పశ్చిమ తీరమునగల పెర్తునుండి సింహళములోని కొగ్గల సరస్సునకు హిందూ మహాసముద్రము మీదుగా ఎక్కడను దిగకుండ కాటలీనా అను నీటి విమానములను క్వాంటాస్ నడపినది. దూరము సుమారు 5,650 కిలోమీటర్లు. విమానపు వేగము గంటకు రెండు వందల కిలోమీటర్ల ప్రాంతము. పట్టు కాలము 27 మొదలు 33 గంటల వరకు.

ఇంధనపు బరువు అధికమగుటచే ఒక్కొక్క విమానములో ముగ్గురు ప్రయాణికులకు మాత్రమే చోటు. శత్రువులకు జాడ తెలియకుండుటకై రేడియో వాడరాదు. కావున నక్షత్రములను చూచి దిక్కులను నిర్ణయించుకొనుచు పోయెడివారు. గాలిలో ఉండగనే ప్రయాణికులు సూర్యోదయమును రెండుసార్లు చూచెడివారు. అందుచే ఈ సేవకు ‘రెండు సూర్యోదయముల ప్రయాణము’ అని పేరు వచ్చినది. 1945 వరకు 271 పర్యాయములు ఆ సముద్రమును దాటిరి. ఒక్క విమానమును నష్టపోలేదు. దిగకుండ ముప్పది గంటలు పోవుట సాధ్యమే అని ఈ ప్రయాణములు నిరూపించినవి. అయితే దానికి చెల్లింపవలసిన మూల్యము కూడ తెలిసినది: బరువంతయు ఇంధనమే కాగా, మనుష్యులకు మిగిలిన చోటు ముగ్గురికి మాత్రమే.

దినములనుండి గంటలకు

1947 డిసెంబరు 1వ తేదీన కాన్‌స్టెలేషన్ అను నాలుగు ఇంజనుల విమానము 29 మంది ప్రయాణికులతో సిడ్నీనుండి లండనునకు బయలుదేరెను. డార్విన్, సింగపూరు, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీలలో దిగుచు నాలుగు రోజులలో లండను చేరెను. అందులో గాలిలో గడచినది సుమారు 55 గంటలు. అనగా సగమునకు మించిన కాలము గాలిలోనే గడచినది. 1919లో అది అయిదవ వంతు మాత్రమే. ఈ మార్గమునకు ‘కంగారూ మార్గము’ అను పేరు స్థిరపడినది. కంగారూవలె గెంతుచు పోవుటయే దీని లక్షణము. ఆ గెంతులను ఒక్కొక్కటిగా తగ్గించుటయే తరువాతి చరిత్ర.

1959లో బోయింగ్ 707 జెట్ విమానములును, 1971లో బోయింగ్ 747 విమానములును క్వాంటాసులో చేరినవి. గెంతులు ఆరునుండి రెంటికి, రెంటినుండి ఒకటికి తగ్గినవి. 1989 ఆగస్టులో ఒక క్రొత్త బోయింగ్ 747-400 విమానము లండనునుండి సిడ్నీకి ఎక్కడను దిగకుండ 20 గంటల 9 నిమిషములలో చేరెను. అయితే అందులో ఉన్నవారు 23 మంది మాత్రమే. ప్రత్యేకముగా తయారుచేసిన సాంద్రమైన ఇంధనము నింపిరి. నేలమీద ఇంధనము వ్యర్థము కాకుండ విమానమును రన్‌వే వరకు లాగుకొనిపోయిరి. కాటలీనా విమానములు చూపిన చిక్కే ఇచటను ఉన్నది.

ఇంధనము మోయు ఇంధనము

దూరము పోవలెనన్నచో ఎక్కువ ఇంధనము నింపుకొనవచ్చును గదా అని తోచును. కాని నింపిన ఇంధనమునకు కూడ బరువు కలదు. ఆ బరువును మోయుటకు మరికొంత ఇంధనము కావలెను. బోయింగ్ 787-9 విమానము బయలుదేరునప్పుడు గరిష్ఠముగా సుమారు 254 టన్నులు తూగవచ్చును. విమానపు సొంత బరువు సుమారు 129 టన్నులు. నిండుగా పోసిన ఇంధనము సుమారు 101 టన్నులు. మిగిలినది 24 టన్నులు. మనుష్యులు, వారి పెట్టెలు, భోజనము, తపాలా అన్నియు ఈ 24 టన్నులలోనే ఇమడవలెను. క్వాంటాస్ ఈ విమానములో 236 ఆసనములనే ఏర్పరచుటకు కారణము ఈ లెక్కలోనే కనబడుచున్నది.

2018 మార్చి 24వ తేదీన ఇట్టి విమానమే పెర్తునుండి బయలుదేరి, ఎక్కడను దిగకుండ సుమారు 14,500 కిలోమీటర్లు పోయి, పదునేడు గంటల పైచిలుకు కాలములో లండను చేరినది. ఆస్ట్రేలియా, యూరపు ఖండముల నడుమ మామూలు ప్రయాణికులతో ఆగకుండ నడచిన తొలి క్రమసేవ ఇదియే. మరుసటి ఏడు పరిశోధనార్థము సుమారు ఏబదిమందితో లండనునుండి సిడ్నీకి 19 గంటల 19 నిమిషములలో ఒక విమానము పోయెను. అంత దీర్ఘకాలము గాలిలో ఉన్నప్పుడు మనుష్యుని నిద్ర, ఆకలి, చురుకుదనము ఎట్లు మారునో అందు పరిశీలించిరి. యంత్రము తట్టుకొనగలిగిన దూరమును శరీరము తట్టుకొనగలదా అనునది ఇప్పటి ప్రశ్న.

పోవుట, వచ్చుట సమానము కాదు

భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది. భూమధ్యరేఖవద్ద ఆ వేగము గంటకు సుమారు 1,670 కిలోమీటర్లు. అట్లయిన విమానము గాలిలో కదలక నిలిచినచో గమ్యమే దానిక్రిందికి రాదా అని కొందరికి సందేహము కలుగును. రాదు. భూమితోపాటు వాయుమండలము కూడ తిరుగుచున్నది. విమానము ఆ వాయువులోనే ఉన్నది. పరుగెత్తు రైలుపెట్టెలో పైకి ఎగురవేసిన బంతి తిరిగి చేతిలోనే పడుట ఇట్టిదే.

కాని తొమ్మిది మొదలు పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు వీచు బలమైన గాలి ప్రవాహములు కలవు. ఇవి విమానములకు చాల ముఖ్యమైనవి. వీనిలో గాలివేగము గంటకు రెండు మూడు వందల కిలోమీటర్లు ఉండుట అరుదు కాదు. ప్రయాణమంతటను సగటున గంటకు 50 కిలోమీటర్ల గాలి మాత్రమే ఉన్నదని అనుకొన్నను, 14,500 కిలోమీటర్ల దూరమునకు వెనుకగాలితో పదునైదు గంటల పైచిలుకును, ఎదురుగాలితో పదునేడు గంటలును పట్టును. తేడా ఇంచుమించు రెండు గంటలు.

ఈ తేడా ఎంత విలువైనదో 2024లో తేటతెల్లమైనది. గోళము మీద పెర్తునుండి లండనునకు బిగించిన దారము దక్షిణ భారతము, అరేబియా సముద్రము, ఇరానుల మీదుగా పోవును. ఆ సంవత్సరము పశ్చిమాసియాలో ఉద్రిక్తతలు పెరుగుటచే ఇరాను గగనమును తప్పించి చుట్టు తిరుగవలసి వచ్చినది. పెర్తునుండి లండనునకు పోవు విమానము పడమటి దిక్కునకు, ఎదురుగాలిలో పోవును. పెరిగిన దూరమునకు ఇంధనము చాలలేదు. అందుచే అది కొంతకాలము సింగపూరులో దిగి ఇంధనము నింపుకొని పోయినది. లండనునుండి పెర్తునకు వచ్చు విమానమునకు గాలి అనుకూలము. అది యథాప్రకారము ఆగకుండ వచ్చినది. అవే రెండు విమానాశ్రయములు, అదే విమానము. ఒక దిక్కున ఒక్క గెంతు, మరియొక దిక్కున రెండు. 2022 మొదలుగా యూరపు విమానములకు రష్యా గగనము మూతపడుటచే లండను, టోక్యోల నడుమ ప్రయాణము కూడ రెండు గంటలకు పైగా పెరిగినది.

లెక్క తేలినది

మొదటి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. 1919లో విమీ విమానము గాలిలో ఉన్నప్పటి సగటు వేగము గంటకు సుమారు 132 కిలోమీటర్లు. 1989నాటి విమానపు వేగము దానికి ఆరున్నర రెట్లు. దూరములు రెండును ఇంచుమించు సమానమే. కాని కాలము 668 గంటలనుండి ఇరువదికి, అనగా ముప్పది మూడు రెట్లు తగ్గినది. ముప్పది మూడును ఆరున్నరతో భాగించినచో అయిదు వచ్చును. వేగమునకు చెందని ఈ అయిదు రెట్లు నేలమీద ఆగకుండుటవలన కలిగిన లాభము. చీకటిలో దారి చూపు దీపములు, రేడియోలు, గట్టి రన్‌వేలు, చెడిపోని ఇంజనులు, తక్కువ ఇంధనముతో ఎక్కువ దూరము పోవు రెక్కలు, గగనమును తెరచియుంచిన దేశముల అంగీకారములు, ఇవి కలసి ఆ అయిదు రెట్లను సాధించినవి. ఇందు ఏ ఒక్కటి లోపించినను, 2024లో వలె, కాలము మరల సాగును.

స్మిత్ సోదరుల విమీ విమానము వారి స్వస్థలమైన ఎడిలైడు నగరపు విమానాశ్రయమున భద్రపరచబడియున్నది. 1989లో ఆగకుండ ఎగిరిన బోయింగ్ విమానము 2015లో సేవనుండి విరమించి, సిడ్నీకి దక్షిణమున ఒక విమాన ప్రదర్శనశాలను చేరినది. ఈ రెంటిని చూచు బాలబాలికలకు రెక్కల పొడవు, ఇంజనుల పరిమాణము మొదట కంటబడును. సురబయాలో తడికలు పరచినవారు, రంగూను సమీపమున విరిగిన విమానమును బాగుచేసినవారు, ఆల్బరీలో కార్ల దీపములు వెలిగించినవారు, తొలి పందెములో ప్రాణములు కోల్పోయిన నలుగురు ఆ ప్రదర్శనలలో కనబడరు. కాని లండను, సిడ్నీల నడుమ తగ్గిన ప్రతి గంటలోను వారికి భాగము కలదు.